మూడేళ్ల గడువు ఎవరి మేలు కోసం?

2003 జనవరి 3 రాత్రి అరిజోనాలోని టెంపీలో ఫియెస్టా బౌల్ జరిగింది. ఆ ఏడాది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో జాతీయ విజేత ఎవరో తేల్చిన ఆట అది. ఒహాయో స్టేట్ జట్టులో మోరిస్ క్లారెట్ అనే రన్నింగ్ బ్యాక్, అంటే బంతి పట్టుకుని పరుగెత్తే ఆటగాడు, ఉన్నాడు. వయసు 19, కాలేజీలో అదే మొదటి ఏడాది. రెండో అదనపు సమయంలో అతడు బంతి పట్టుకుని అయిదు గజాలు దూసుకుపోయి చేసిన టచ్‌డౌన్‌తో (బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించడం) ఒహాయో స్టేట్ 31-24తో మయామీని ఓడించింది. అదే ఆట చివరి భాగంలో మయామీ రన్నింగ్ బ్యాక్ విల్లిస్ మెగాహీని ప్రత్యర్థి ఢీకొట్టడంతో అతడి మోకాలు వెనక్కి వంగిపోయి లిగమెంట్లు తెగిపోయాయి.

ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడాన్ని డ్రాఫ్ట్ అంటారు. ఆ ఏప్రిల్‌లో జరిగిన డ్రాఫ్ట్‌లో మెగాహీని బఫలో బిల్స్ 23వ స్థానంలో ఎంచుకుంది. మోకాలు బాగుపడే దాకా ఏడాదంతా కూర్చోబెట్టి జీతమిచ్చింది. మోకాళ్లు రెండూ సవ్యంగా ఉన్న క్లారెట్‌కు మాత్రం ఆ డ్రాఫ్ట్‌లో పేరు ఇచ్చే అర్హతే లేదు. మెగాహీ హైస్కూలు దాటి మూడేళ్లయింది, క్లారెట్‌కు కాలేదు. ఇద్దరి మధ్య తేడా అంతే.

కాలేజీ ఆటగాడు ఎప్పుడు ప్రొఫెషనల్ కావచ్చు అన్న వాదన రెండు దశాబ్దాలుగా ఈ తేడా చుట్టూనే తిరుగుతోంది. ఈ మూడేళ్ల నిబంధనను సమర్థించేవారు ఆటగాడి శరీరం గురించి, చదువు గురించి మాట్లాడతారు. వ్యతిరేకించేవారు స్వేచ్ఛ గురించి మాట్లాడతారు. నిబంధన ఎలా పుట్టిందో, ఎవరి సంతకంతో బతుకుతోందో చూస్తే ఈ రెండు వాదనలూ పక్కకు పోయి, మూడోది ఒకటి ముందుకొస్తుంది. ఇది ఆటగాళ్ల క్షేమం కోసం పుట్టిన నిబంధన కాదు. లోపల ఉన్నవారు బయట ఉన్నవారి విషయంలో చేసుకున్న ఒప్పందం.

ముందుగా నిబంధన ఏమంటుందో చూద్దాం. ప్రతి ఏప్రిల్‌లో 32 జట్లు ఏడు విడతల్లో దాదాపు 250 మంది కొత్త ఆటగాళ్లను ఎంచుకుంటాయి. ఆ జాబితాలోకి రావాలంటే హైస్కూలు ముగిశాక కనీసం మూడు సీజన్లు గడిచి ఉండాలి. ఆ మూడేళ్లు కాలేజీలో ఆడాలని కూడా లేదు, కాలం గడిస్తే చాలు. వయసుతో పనిలేదు, బరువుతో పనిలేదు, డిగ్రీతో అసలే పనిలేదు. నైజీరియాలో పుట్టిన అమోబి ఒకోయే పదహారేళ్లకే లూయివిల్ విశ్వవిద్యాలయంలో చేరాడు. 2007లో హ్యూస్టన్ టెక్సన్స్ అతడిని పదో స్థానంలో ఎంచుకునే నాటికి వయసు 19. ఆడే స్థానం డిఫెన్సివ్ లైన్, అంటే మైదానంలో అత్యంత బరువైన మనుషులు ఒకరినొకరు కుమ్ముకునే చోటు. లేత శరీరమని ఎవరూ అడ్డు చెప్పలేదు, ఎందుకంటే మూడేళ్ల లెక్క సరిపోయింది. అదే డ్రాఫ్ట్‌లో ఏడో స్థానంలో వెళ్లిన ఏడ్రియన్ పీటర్సన్ సంగతి చూడండి. 2004లో ఒక్లహోమా తరఫున మొదటి ఏడాదే 1,925 గజాలు పరుగెత్తి, దేశంలో ఉత్తమ ఆటగాడికిచ్చే హైజ్‌మన్ ట్రోఫీ ఓటింగులో రెండో స్థానంలో నిలిచాడు. అయినా ఇంకో రెండేళ్లు ఆగాల్సి వచ్చింది. ఆ రెండేళ్లలో ఒకసారి చీలమండ దెబ్బతింది, ఇంకోసారి కాలర్‌బోన్ (మెడ కింద భుజం ముందుండే ఎముక) విరిగింది. శరీర పరిపక్వతే కారణమైతే కొలవాల్సింది వయసును, దేహాన్ని. క్యాలెండర్‌ను కాదు.

ఈ క్యాలెండర్ ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే 1925కు వెళ్లాలి. ఇలినాయ్ విశ్వవిద్యాలయం ఆటగాడు రెడ్ గ్రేంజ్ అప్పటికి దేశమంతా పేరు మోగుతున్న వీరుడు. ఆ నవంబరులో కాలేజీ చివరి ఆట ముగియగానే, చదువు పూర్తికాకుండానే, షికాగో బేర్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. కొద్ది రోజుల్లోనే వేల మంది జనం అతడిని చూడటానికి ప్రొఫెషనల్ మైదానాలకు వచ్చారు. అప్పట్లో ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఇప్పటి వైభవం లేదు, జనాదరణ అంతా కాలేజీ ఆటదే. తమ ఆటగాళ్లను ఎత్తుకుపోతారేమోనని విశ్వవిద్యాలయాలు భగ్గుమన్నాయి. పేదరికంలో ఉన్న లీగ్‌కు వాటితో వైరం పెట్టుకునే ధైర్యం లేదు. తోటి విద్యార్థుల చదువు పూర్తయ్యే దాకా ఏ ఆటగాడినీ తీసుకోబోమని 1926లో మాటిచ్చింది. కాలేజీలను బుజ్జగించడానికి పెట్టిన నిబంధన అది. క్షేమం అనే మాట దానికి తర్వాత తొడిగిన చొక్కా.

ఆ నాలుగేళ్ల కట్టుబాటు అరవై ఏళ్లకు పైగా నిలిచింది. మధ్యలో యూఎస్‌ఎఫ్‌ఎల్ అనే పోటీ లీగ్ 1983లో జార్జియా విశ్వవిద్యాలయం నుంచి హర్షెల్ వాకర్‌ను మూడో ఏడాది కాగానే తీసుకుపోయింది. మరుసటి ఏడాది బాబ్ బోరిస్ అనే ఆటగాడు వేసిన దావాలో, ఆ లీగ్ పెట్టుకున్న ఇలాంటి అర్హత నిబంధన పోటీ చట్టాలకు విరుద్ధమని కాలిఫోర్నియాలోని ఫెడరల్ కోర్టు చెప్పింది. 1989లో బారీ శాండర్స్ ఒక్లహోమా స్టేట్‌ను మూడేళ్లకే వదిలి వస్తే ఎన్‌ఎఫ్‌ఎల్ మినహాయింపు ఇచ్చింది. దావా వేస్తే గెలవడం కష్టమని లీగ్‌కు అప్పటికే అర్థమైంది. 1990 నుంచి మూడేళ్ల వారికి అధికారికంగా తలుపు తెరిచింది. ఆ తొలి ఏడాది ఆ తలుపులోంచి వచ్చినవారిలో ఎమ్మిట్ స్మిత్ ఒకడు. తర్వాత లీగ్ చరిత్రలోనే అందరికంటే ఎక్కువగా 18,355 గజాలు పరుగెత్తాడు, 1996లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయానికి తిరిగివెళ్లి డిగ్రీ కూడా పూర్తిచేశాడు. ముందే వెళితే చదువు మట్టికొట్టుకుపోతుందని బాధపడేవారికి ఇది గుర్తుండాలి. అసలు నాలుగేళ్ల డిగ్రీకి మూడేళ్లు ఆపడంలో ఉన్న తర్కమేమిటో కూడా వారే చెప్పాలి. వేసవి తరగతులతో మూడేళ్లలో ముగించేవారు ఉన్నారు, కానీ నిబంధన వారిని లెక్కలోకి తీసుకుని రాసింది కాదు.

ఇక కోర్టు. క్లారెట్ మొదటి ఏడాది 1,237 గజాలు పరుగెత్తాడు. నిబంధనలకు విరుద్ధంగా లబ్ధి పొందాడని, విచారణలో అబద్ధాలు చెప్పాడని 2003 సీజన్ మొత్తం విశ్వవిద్యాలయం అతడిని పక్కన పెట్టింది. కాలేజీలో ఆడనివ్వరు, బయటికి పోనివ్వరు. ఆ సెప్టెంబరులో ఎన్‌ఎఫ్‌ఎల్ మీద దావా వేశాడు. 2004 ఫిబ్రవరి 5న న్యూయార్క్ ఫెడరల్ జడ్జి షైరా షైండ్లిన్ అతడి పక్షాన తీర్పు ఇచ్చారు. ఒక రంగంలోని యజమానులంతా కలిసి, ఫలానా వారిని ఎవరమూ పనిలోకి తీసుకోబోమని కూడబలుక్కోవడం 1890 నాటి షర్మన్ చట్టానికి విరుద్ధమన్నది ఆ తీర్పు సారం.

మే నెలలో అప్పీలు కోర్టు దాన్ని తిరగరాసింది. తీర్పు రాసినవారు తర్వాత సుప్రీంకోర్టుకు వెళ్లిన జడ్జి సోనియా సొటొమయోర్. మూడేళ్ల నిబంధన మంచిదనో, శాస్త్రీయమనో ఆమె చెప్పలేదు. ఆ ప్రశ్నలోకే వెళ్లలేదు. యాజమాన్యాలకూ కార్మిక సంఘానికీ మధ్య సామూహిక బేరసారాలు నడిచే చోట, ఎవరిని పనిలోకి తీసుకోవాలన్న షరతులు ఆ సంబంధంలో భాగం. కార్మిక చట్టం ప్రోత్సహించే అలాంటి ఏర్పాటులో పోటీ చట్టం వేలు పెట్టదు. ఇంకా ఉద్యోగంలో చేరనివారికీ ఆ షరతులు వర్తిస్తాయి. ఓడరేవులోనో కర్మాగారంలోనో కొత్తగా చేరబోయేవాడి మీద పాతవారి ఒప్పందం పనిచేసినట్టే ఇదీ. న్యాయసూత్రంగా ఇందులో లోపం పట్టడం తేలిక కాదు. కానీ ఆ తీర్పుతో నిబంధన అసలు రంగు బయటపడింది. దాన్ని నిలబెట్టింది వైద్యుల నివేదిక కాదు, యూనియన్ మౌనం.

బాస్కెట్‌బాల్‌తో పోల్చి చూస్తే విషయం మరింత తేటపడుతుంది. 1971లో స్పెన్సర్ హేవుడ్ అనే ఆటగాడు ఎన్‌బీఏ నాలుగేళ్ల నిబంధన మీద సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. జస్టిస్ డగ్లస్ ఉత్తర్వుతో సియాటిల్ జట్టుకు ఆడే హక్కు నిలబెట్టుకున్నాడు. నిబంధన కుప్పకూలింది. 1995లో కెవిన్ గార్నెట్, 1996లో కోబి బ్రయంట్, 2003లో లెబ్రాన్ జేమ్స్ హైస్కూలు నుంచి నేరుగా వచ్చారు. తర్వాత 2005లో ఎన్‌బీఏ, ఆటగాళ్ల యూనియన్ కూర్చుని 19 ఏళ్ల వయసు, హైస్కూలు తర్వాత ఒక ఏడాది అనే కొత్త షరతు రాసుకున్నాయి. దాన్ని కోర్టులో ఎవరూ పడగొట్టలేకపోయారు. హేవుడ్ ఎదుర్కొన్నది యజమానుల కట్టు. తర్వాతివారు ఎదుర్కొన్నది యూనియన్‌తో కుదిరిన ఒప్పందం. అడ్డుగోడ ఒకటే, దాని కింది పునాది మారింది.

మరి యూనియన్ ఎందుకు ఒప్పుకుంది? లెక్క సులువు. 32 జట్లు, జట్టుకు 53 మంది, వెరసి 1,696 ఉద్యోగాలు. ఒక కుర్రాడు లోపలికి వస్తే ఒక పాతవాడు బయటికి పోవాలి. ఆ పాతవాడికి యూనియన్‌లో ఓటుంది, కుర్రాడికి లేదు. 2020లో ప్రస్తుత ఒప్పందాన్ని ఆటగాళ్లు 1,019 - 959 ఓట్ల తేడాతో ఆమోదించారు. అంత హోరాహోరీగా సాగిన బేరంలో, ఇంకా సభ్యుడే కాని 19 ఏళ్లవాడి కోసం పట్టుబట్టమని ఏ నాయకుడినీ ఎవరూ అడగలేదు, అడగరు కూడా. ఇక యజమానుల లాభం చెప్పనక్కర్లేదు. బేస్‌బాల్ క్లబ్బులు సొంత డబ్బుతో కింది స్థాయి జట్లను పోషించుకుంటాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఆ ఖర్చు లేదు. కుర్రాళ్లకు శిక్షణ, ప్రచారం, వడపోత అన్నీ విశ్వవిద్యాలయాలు మూడేళ్లపాటు చేసిపెడతాయి.

ఇక్కడ శరీరం గురించిన వాదనకు దాని విలువ ఇవ్వాలి. 19 ఏళ్లవాడి ఎముక, కండరం, 28 ఏళ్లవాడి ఎముక, కండరం ఒకటి కావు. 140 కిలోల లైన్‌మన్ ఎదురుగా నిలబడటానికి చాలామందికి నిజంగానే మూడు నాలుగేళ్ల వ్యాయామం కావాలి. బంతి విసురుతూ జట్టు ఆటను నడిపే క్వార్టర్‌బ్యాక్‌కు కావలసింది కండ కంటే ఆటను చదివే నేర్పు, అది ఆడితేనే వస్తుంది. ఈ స్థానాల్లోని కుర్రాళ్లను తలుపులు బార్లా తెరిచి పిలిచినా ఏ జట్టూ తీసుకోదు. అలాంటప్పుడు వారి కోసం నిబంధన అవసరమే లేదు. పైగా కాలేజీ ఆట మెత్తనిదేమీ కాదు. 2024 సీజన్‌లో ప్లేఆఫ్ 12 జట్లకు పెరిగాక ఒహాయో స్టేట్ టైటిల్ గెలవడానికి 16 ఆటలు ఆడింది. ఎన్‌ఎఫ్‌ఎల్ సాధారణ సీజన్ 17. కాలేజీలోనూ 18 ఏళ్లవాడు 23 ఏళ్లవాడిని ఢీకొంటాడు. తలకు తగిలే దెబ్బ మీద లీగ్ పేరు రాసి ఉండదు.

నిబంధన నిజంగా కాటువేసేది రన్నింగ్ బ్యాక్‌లను. వీరి సంగతి విడిగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ వాదన మొత్తం బరువు వారి మీదే ఉంది. రన్నింగ్ బ్యాక్ పని బంతి పట్టుకుని గోడలాంటి మనుషుల మధ్యలోకి పదే పదే దూరడం. ఈ పనికి ఉన్నత దశ తొందరగా వస్తుంది, తొందరగా పోతుంది. ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది దాటాక జట్లు వీరిని అరిగిపోయిన సరుకుగా చూస్తాయి. సౌత్ కరోలినాకు ఆడిన మార్కస్ లాటిమోర్ కథ దీనికి నిలువెత్తు సాక్ష్యం. 2010లో మొదటి ఏడాదే 1,197 గజాలు పరుగెత్తాడు. 2011లో ఎడమ మోకాలు పోయింది. 2012 అక్టోబరులో టెనెసీతో ఆటలో కుడి మోకాలు చూసేవారు కళ్లు మూసుకునేంత ఘోరంగా తొలగిపోయింది. 2013లో శాన్ ఫ్రాన్సిస్కో నాలుగో విడతలో నమ్మకం మీద ఎంచుకుంది. ఒక్క ఆట కూడా ఆడకుండానే 2014 నవంబరులో ఆట విరమించాడు. నిబంధన ఆపి ఉంచిన రెండేళ్లు రెండు మోకాళ్లను తిన్నాయి. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఉన్నా ఆ దెబ్బలు తగిలేవేమో. అయితే అప్పుడు చేతిలో కాంట్రాక్టు ఉండేది. కాలేజీలో ఉన్నది స్కాలర్‌షిప్.

దీనికి తోడు 2011లో వచ్చిన కొత్త జీతాల పట్టిక గడువు విలువను పెంచేసింది. అంతకుముందు కొత్త ఆటగాడు ఎంతకు బేరమాడితే అంత. 2010లో తొలి స్థానంలో వెళ్లిన శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు ఆరేళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 5 కోట్లకు హామీ. మరుసటి ఏడాది అదే స్థానంలో వెళ్లిన కామ్ న్యూటన్‌కు పట్టిక ప్రకారం నాలుగేళ్లకు దాదాపు 2.2 కోట్లు. అప్పటి నుంచి అసలు సంపాదన మొదటి కాంట్రాక్టులో లేదు, రెండోదానిలో ఉంది. మొదటిది నాలుగేళ్లు. మొదటి విడతలో ఎంపికైనవాడిని అయిదో ఏడాదికీ ఉంచుకునే వీలు జట్టుకుంది. ఆ తర్వాత ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి, అంటే లీగ్ లెక్కకట్టిన ఒక ఏడాది జీతమిచ్చి, ఇంకో ఏడాది కట్టిపడేయవచ్చు. 21, 22 ఏళ్లకు లోపలికి వచ్చినవాడు స్వేచ్ఛగా బేరమాడేసరికి 27 దాటుతాయి. క్వార్టర్‌బ్యాక్‌కు అప్పుడే యవ్వనం, రన్నింగ్ బ్యాక్‌కు సాయంత్రం. 2022లో లీగ్ మొత్తంలో అత్యధికంగా 1,653 గజాలు పరుగెత్తిన జోష్ జేకబ్స్‌కు 2023లో దక్కింది పెద్ద కాంట్రాక్టు కాదు, ట్యాగ్. ఆ ఏడాది ట్యాగ్ విలువ రన్నింగ్ బ్యాక్‌కు దాదాపు కోటి డాలర్లు, క్వార్టర్‌బ్యాక్‌కు 3.2 కోట్లకు పైనే. కోటి డాలర్లు తక్కువా అని ఎవరికైనా అనిపించవచ్చు, న్యాయమే. కానీ ఆ ఆటలో పోలిక లీగ్ లోపలి ధరలతోనే చేయాలి. రెండేళ్ల ముందు వచ్చి ఉంటే రెండేళ్ల ముందే ఆ మలుపు దాటేవాడు.

మన క్రికెట్‌కు అలవాటైన కంటికి ఇదంతా వింతగా ఉంటుంది. హైదరాబాద్ కుర్రాడు తిలక్ వర్మను 2022లో ముంబయి ఇండియన్స్ 1.7 కోట్ల రూపాయలకు కొన్నప్పుడు వయసు 19. హైస్కూలు ఎప్పుడు ముగించావని వేలంలో ఎవరూ అడగలేదు. వైభవ్ సూర్యవంశీ పద్నాలుగేళ్లకే ఐపీఎల్ ఆడాడు. అది మంచిదా కాదా అన్నది వేరే చర్చ. అమెరికాలోనూ టెన్నిస్, గోల్ఫ్, బేస్‌బాల్ ఆడేవారిని కాలేజీ దారిలోనే నడవమని ఎవరూ నిర్బంధించరు. అన్నిటికంటే ఎక్కువ గాయాలు చేసే ఆటే జీతం లేకుండా అందరికంటే ఎక్కువ కాలం ఆపి ఉంచింది.

‘జీతం లేకుండా’ అనే ఆ ముక్క మాత్రం ఇప్పుడు పాతబడింది. 2021 జూన్‌లో ఆల్‌స్టన్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా, కాలేజీ ఆటలను నడిపే ఎన్‌సీఏఏ సంస్థకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరును, రూపాన్ని వాడుకున్న కంపెనీల నుంచి డబ్బు తీసుకునే వీలు కలిగింది. 2025 జూన్‌లో జడ్జి క్లాడియా విల్కెన్ ఆమోదించిన, హౌస్ అనే కేసులో కుదిరిన రాజీ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే నేరుగా చెల్లించడం మొదలైంది. మొదటి ఏడాది ఒక్కో విశ్వవిద్యాలయానికి పరిమితి దాదాపు 2.05 కోట్ల డాలర్లు. పెద్ద కాలేజీల్లో అందులో సింహభాగం ఫుట్‌బాల్‌కే. దాంతో గాలి ఎదురు తిరిగింది. 2019లో మూడేళ్లకే డ్రాఫ్ట్‌కు పేరిచ్చినవారు వంద దాటితే, 2024కు ఆ సంఖ్య అరవై లోపుకు పడిపోయింది. అంతటితో ఆగలేదు. 2024 డిసెంబరులో వాండర్‌బిల్ట్ క్వార్టర్‌బ్యాక్ డియేగో పవియా కోర్టుకు వెళ్లి, జూనియర్ కాలేజీలో (రెండేళ్ల కాలేజీ) ఆడిన కాలాన్ని లెక్కించకుండా ఇంకో ఏడాది కాలేజీలోనే ఆడే అనుమతి తెచ్చుకున్నాడు. క్లారెట్ బయటికి పోనివ్వమని దావా వేశాడు. పవియా బయటికి పంపవద్దని వేశాడు.

దీన్ని చూసి కొందరు సమస్య తీరిపోయిందంటున్నారు. సగం నిజం. నాలుగో విడతలోనో అయిదో విడతలోనో పోవాల్సిన ఆటగాడికి కాలేజీలో ఉండటమే లాభం కావచ్చు. డ్రాఫ్ట్‌లో మొదటి నాలుగైదు స్థానాల్లో పోయేవాడికి ఆకలి తీరింది, గడియారం మాత్రం ఆగలేదు. కాలేజీ డబ్బు ఎంత వచ్చినా రెండో కాంట్రాక్టు తేదీ ముందుకు జరగదు. నిబంధనలోని అన్యాయం ఇప్పుడు జేబులోంచి వయసులోకి మారింది, ఎక్కువ మందికి తగ్గి కొద్దిమందికి మిగిలింది.

మరి తలుపు తీసేస్తే సరిపోతుందా? ఇక్కడే వ్యతిరేకుల వాదనలో బలహీనత ఉంది. వాళ్లు ఎప్పుడూ క్లారెట్, పీటర్సన్ వంటివారి పేర్లే చెబుతారు. తనను తాను పీటర్సన్ అనుకునే వందమంది మాట ఎత్తరు. మూడేళ్ల గడువు ఉండగానే, ముందుగా పేరిచ్చినవారిలో దాదాపు మూడో వంతు మందిని ఎవరూ ఎంచుకోని ఏడాదులు ఉన్నాయి. చదువు ఆగింది, ఆట పోయింది. మీ స్థాయి ఇంత అని ముందే చెప్పే సలహా సంఘం ఎన్‌ఎఫ్‌ఎల్‌కు ఉంది, కానీ ఇంట్లో డబ్బు అవసరం, పక్కన ఏజెంట్ల పొగడ్త ఉన్నచోట ఆ కాగితాన్ని నమ్మేవారు తక్కువ. గడువు ఏడాదికి తగ్గిస్తే ఇలాంటివారు పెరుగుతారు, అందులో సందేహం లేదు.

అయితే వారిని నాశనం చేసేది ముందుగా వెళ్లడం కాదు, తిరిగి రాలేకపోవడం. దీనికి క్లారెట్ కంటే మంచి ఉదాహరణ మైక్ విలియమ్స్. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 2003లో 16 టచ్‌డౌన్లు చేసిన రిసీవర్ (విసిరిన బంతిని అందుకునే ఆటగాడు) అతడు. షైండ్లిన్ తీర్పు రాగానే, కోర్టు తలుపు తెరిచిందని నమ్మి రెండేళ్లకే డ్రాఫ్ట్‌కు పేరిచ్చాడు, ఏజెంట్‌ను పెట్టుకున్నాడు. డ్రాఫ్ట్‌కు కొద్ది రోజుల ముందు ఏప్రిల్ 19న అప్పీలు కోర్టు స్టే ఇచ్చింది. ఎన్‌ఎఫ్‌ఎల్ రావద్దంది. ఏజెంట్‌ను పెట్టుకున్నావు కాబట్టి నువ్వు ఇక అమెచ్యూర్‌వి (డబ్బు కోసం ఆడనివాడివి) కాదని ఎన్‌సీఏఏ తిరిగి చేర్చుకోలేదు. రెంటికీ చెడ్డ రేవడిలా 2004 సీజన్ మొత్తం ఇంట్లో కూర్చున్నాడు. 2005లో డెట్రాయిట్ పదో స్థానంలో తీసుకుంది గానీ, పోయిన ఏడాది అతడి ఆటలో తిరిగి కనబడలేదు. అతడు చేసిన నేరమల్లా ఫెడరల్ జడ్జి మాటను నమ్మడం.

క్లారెట్‌ను 2005లో డెన్వర్ మూడో విడత చివర్లో ఎంచుకుని, ఒక్క ఆట ఆడించకుండానే పంపించేసింది. తర్వాత అతడు జైలు పాలయ్యాడు. చూశారా, కుర్రాడికి పరిపక్వత లేదని ఒక పక్షం, చూశారా, రెండేళ్లు ఆపి నాశనం చేశారని ఇంకో పక్షం అతడి పేరు వాడుకుంటూనే ఉన్నాయి. ఒక్క మనిషి జీవితం ఇంత పెద్ద వాదనకు రుజువు కాలేదు, రెండు పక్షాలూ అతడిని వదిలేస్తే మంచిది.

తిరిగి రాగల దారి కొత్త ఆలోచనేమీ కాదు. ఐస్ హాకీలో క్లబ్ 18 ఏళ్లవాడిని డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటుంది. అతడు కాలేజీలో ఆడుతూనే ఉంటాడు, సిద్ధమయ్యాక వెళతాడు. బేస్‌బాల్‌లో హైస్కూలు కుర్రాడిని ఎంచుకున్నా, ధర నచ్చకపోతే కాదని కాలేజీకి పోవచ్చు. బాస్కెట్‌బాల్‌లో డ్రాఫ్ట్‌లో మిగిలిపోయినవారు కొన్ని షరతులతో వెనక్కి రావచ్చని 2018లో ఎన్‌సీఏఏ ఒప్పుకుంది. 2025 నాటికి ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్‌లో జీతానికి ఆడినవారికి కూడా కాలేజీ జట్లలో చోటు దొరికింది. ఫుట్‌బాల్‌లో మాత్రం పేరిచ్చాక మనసు మార్చుకోవడానికి దొరికేది రోజుల వ్యవధే. అమెచ్యూర్ పవిత్రత చెడుతుందన్న సాకు ఇంతకాలం చెల్లింది. విశ్వవిద్యాలయమే నెల నెలా డబ్బు చెల్లిస్తున్నప్పుడు ఆ మాట అనడానికి ఎన్‌సీఏఏకు నోరు రాకూడదు. ఈ ఒక్క మార్పుకు ఎన్‌ఎఫ్‌ఎల్ సంతకం అక్కర్లేదు, యూనియన్ ఓటు అక్కర్లేదు. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోనివాడు తిరిగి వచ్చి ఆడవచ్చని ఎన్‌సీఏఏ రాసుకుంటే, ఇప్పుడున్న మూడేళ్ల గడువుతోనే ఏటా కొంతమంది నష్టపోకుండా బయటపడతారు. ఆ రక్షణ వచ్చాక గడువును రెండేళ్లకో ఏడాదికో తగ్గించినా ప్రమాదం పెద్దగా ఉండదు. ఈ వరుస తిరగబడితేనే కష్టం.

గడువు తగ్గింపు మాత్రం బేరసారాల బల్ల దగ్గర తప్ప ఇంకెక్కడా తేలదు. ప్రస్తుత ఒప్పందం 2030 సీజన్ దాకా ఉంది. ఈలోగా యజమానులు సీజన్‌ను 18 ఆటలకు పెంచాలని చూస్తున్నారు, దానికి యూనియన్ అంగీకారం కావాలి. ఆ బల్ల మీద పింఛన్లు ఉంటాయి, వైద్యం ఉంటుంది, ఆదాయంలో వాటా ఉంటుంది. 19 ఏళ్లవాడి మాట రావాలంటే యజమానులే తేవాలి. ఏడాదికి 18 ఆటలైతే గాయాలు పెరిగి మనుషులు చాలనప్పుడు వాళ్లకే ఆ అవసరం పుట్టవచ్చు.

ఒహాయో స్టేట్ రిసీవర్ జెరెమయా స్మిత్ 2024లో మొదటి ఏడాదే 1,315 గజాలు, 15 టచ్‌డౌన్లతో జాతీయ టైటిల్ గెలిచాడు. క్లారెట్ విశ్వవిద్యాలయమే, క్లారెట్ వయసే. 2025 డ్రాఫ్ట్‌కు అర్హత ఉంటే ముందు వరుసలో పోయేవాడని అప్పుడే చెప్పుకున్నారు. అతడికి అర్హత వచ్చేది 2027లో. కోర్టుకు వెళ్లలేదు. రిసీవర్ కెరీర్ పొడవైనది, కాలేజీలోనూ ఇప్పుడు డబ్బు దొరుకుతోంది, రెండేళ్ల వ్యాజ్యం కంటే రెండేళ్ల ఆటే లాభం. ఇంకోసారి ఈ నిబంధన మీద దావా పడితే వేసేవాడు క్వార్టర్‌బ్యాక్ కాదు, రిసీవర్ కాదు. మొదటి ఏడాదే పదిహేను వందల గజాలు పరుగెత్తి, తన మోకాళ్లకు ఎంత కాలం మిగిలి ఉందో లెక్క తెలిసిన రన్నింగ్ బ్యాక్ అయి ఉంటాడు.